బానెట్ ఎత్తిన చేతులు

రిటైరైన హెడ్మాస్టరుగారి జేబులో ఎప్పుడూ ఒక మెత్తటి గుడ్డ ఉంటుంది. తన పాత కారు మీద ఎవరైనా వేలు పెడితే, ఆ మరక తుడిచేదాకా ఆయనకు ఊపిరాడదు. యాభై ఏళ్లనాటి ఆ బండిని తుక్కు కొట్టు నుంచి తెచ్చింది ఆయనే. ఇంజను విప్పి, నట్టు నట్టూ కిరోసిన్‌లో కడిగి మళ్లీ బిగించింది మాత్రం ఆయన భార్య. ఆవిడ ఒక మెకానిక్కు కూతురు.

పాత కార్ల ప్రదర్శనలో, అందరి ముందూ బండి మొరాయించింది. భార్య వచ్చి బానెట్ ఎత్తి, కార్బురేటర్‌లో ఏదో సవరించి, "ఇప్పుడు తాళం తిప్పండి" అంది. ఇంజను అందుకుంది.

"అమ్మగారికి కూడా పని నేర్పేశారే!" అన్నాడు బహుమతులిచ్చే పెద్దమనిషి.

"ఏదో, నన్ను చూసి చూసి వచ్చేసింది" అని నవ్వేశారాయన. నవ్వుతూనే భార్య వైపు చూశారు. ఆవిడ నల్లబడ్డ చేతులను కొంగులో దాచుకుంటోంది. ఆయనకు తల కొట్టేసినట్టయింది. బహుమతిగా ఇచ్చిన కప్పు అందుకున్నారు.

బయటికొచ్చాక తాళాలున్న చెయ్యి ఆవిడ ముందుకు చాచి, "ఇంటిదాకా నువ్వు నడుపు" అన్నారు.

"నాకెక్కడొచ్చు? నేర్పమన్నప్పుడల్లా, ఎక్కడ గీతలు పడతాయోనని మీరే వద్దన్నారుగా" అంది ఆవిడ మామూలుగా, పక్క సీట్లో కూర్చుంటూ.