మూడో సిలిండరు పలికిన వేళ

బండి చెడగొట్టి తిట్లు తిన్నవాళ్లను మీరు చూసే ఉంటారు. బాగుచేసి తిట్లు తిన్నవాడిని చూడాలంటే మాత్రం రాజాం వచ్చి మా ఎరువుల కొట్టు ఎక్కడని అడగండి. కొన్నేళ్ల కిందట నేను చేసిన ఆ ఘనకార్యానికి మా ఇంట్లో ఇంకా క్షమాభిక్ష దొరకలేదు.

నా భార్య మంగ మా మేనమామ కూతురే. తొలి కాన్పుకని నెల్లిమర్ల దగ్గర పుట్టింట్లో ఉంది. పాపకు ఐదో నెల రాగానే తల్లీబిడ్డలను మా ఇంటికి తెచ్చుకోవడానికి ముహూర్తం పెట్టారు. నేను ఆగలేక రెండు రోజుల ముందే వెళ్లి వాలిపోయాను.

మా మావకి ఒక పాత పికప్ బండి ఉంది. పండించిన వంకాయలన్నీ మార్కెట్టుకు చేరేది అందులోనే. బ్యాటరీ నీరసం వల్ల ఒకసారి ఆపితే నలుగురు తోస్తేగానీ లేవదు. అందుకని సాయంత్రం పెరట్లో బస్తాలు ఎక్కించినంతసేపూ ఇంజను ఆపేవాడు కాదు. అలా నిలబడి ఉన్నప్పుడు అది చలిజ్వరం వచ్చినట్టు వణికేది. నేను వెళ్లిన సాయంత్రం ముందు సీట్లో మా అత్త పాపను ఒళ్లో వేసుకుని కూర్చుంది. ఎందుకు కూర్చుందో అడగాలా వద్దా? అడగలేదు. నా కళ్లు బానెట్ మీద ఉన్నాయి.

"మావా, బండి మిస్సింగ్ కొడతంది. ఒక సిలిండరు పలకతన్నట్టు నేదు."

"ఎప్పుట్నుంచో అలగే ఉన్నాది. దాని మానాన దాన్ని ఒగ్గీరా."

"నా మీద ఒగ్గీ మావా. ఫోన్లో వీడియోలు సానా సూసినాను."

మర్నాడు మావ పొలానికి వెళ్లగానే నలుగురి చేత బండి తోయించి, పానా పట్టుకున్నాను. ఇంజను నడుస్తుండగా నాలుగు సిలిండర్లకూ డీజిలు చిమ్మే నాజిళ్ల పైపు నట్లు ఒక్కొక్కటే వదులు చేసి చూడాలి. పలికే సిలిండరుదైతే ఇంజను ఇంకా కుంటుతుంది, పలకనిదైతే తేడా రాదు. మొదటిది వదులు చేస్తే కుంటింది. రెండోది చేస్తే కుంటడమే కాక, నా కొత్త చొక్కా కడుపునిండా డీజిలు తాగింది. మూడోది తిప్పితే ఉలుకూ లేదు పలుకూ లేదు. దొరికింది దొంగ! విజయనగరం వెళ్లి కొత్త నాజిల్ తెచ్చి బిగించాను. పాతది వీధిలో పోతున్న పాత ఇనుము వాడికి దానం చేశాను. కర్ణుడి తర్వాత నేనే.

ఆ సాయంత్రం బండి పెరట్లో నిలబడింది. ఆహా! ఇంజను తిరుగుతోందో, దూరంగా ఎవరింట్లోనో ఫ్యాను తిరుగుతోందో తెలియనంత మెత్తటి చప్పుడు. ఎండ పసుపుపచ్చగా వాలిపోతోంది. వంకాయల బస్తాల మీద గాలి నెమ్మదిగా పాకుతోంది. నాకు నిలబడ్డ చోటే కల మొదలైంది. మావ నన్ను ఆ బండెక్కించి రామతీర్థం దాకా ఊరేగిస్తున్నాడు. దారి పొడుగునా జనం పాత బండ్లు తెచ్చి నా ఎదుట బానెట్లు ఎత్తుతున్నారు.

సరిగ్గా అప్పుడే ముందు సీట్లో అత్త ఒళ్లో ఉన్న పాప కెవ్వుమంది.

"బండికేటి సేసినావురా?" అని అత్త అరిచింది.

"బాగు సేసినాను అత్తా."

"ఓలమ్మో, బాగు సేసీసినాడే!"

మంగ పరుగెత్తుకొచ్చింది. "ఆ ఒణుకులోనే గదా బావా ఇది తొంగుంటాది! ఇంక దీన్నెవులు తొంగోబెడతారు?"

తెల్లారేదాకా ఇంట్లో ఎవరికీ కంటిమీద కునుకు లేదు. పొద్దున్నే అత్త తీర్పు చెప్పేసింది.

"గుంటకి నిద్దర కుదిరినదాకా పంపను. ముహూర్తం మళ్లీ సూసుకుందాం."

ఇన్ని నెలలుగా నేను ఒక్కడినే వండుకు తింటున్న అన్నం మీకేం తెలుసు? పాపను లాక్కుని ఒళ్లో వేసుకున్నాను. మోకాళ్లు ఆడిస్తూ, నోటితో ఇంజను మొదలుపెట్టాను.

"డుగ్ డుగ్ డుగ్ డుగ్."

పాప ఏడుపు ఆపి నన్ను అనుమానంగా చూసింది. మళ్లీ అందుకుంది.

గుమ్మంలో కూర్చున్న మావ చుట్ట తీసి అన్నాడు. "నాలుగూ కొడతావేటిరా? మూడోది ఒగ్గీ."

"డుగ్ డుగ్... ఊఁ... డుగ్. డుగ్ డుగ్... ఊఁ... డుగ్."

పాప రెప్పలు బరువుగా వాలాయి. చిన్న పిడికిలి నా చొక్కా మీద విచ్చుకుంది. ఆ క్షణంలో నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు. అత్త చప్పుడు కాకుండా మంగ బట్టలు సర్దింది.

ముహూర్తానికే బయల్దేరాం. మావ నడుపుతున్నాడు, బండి పూలరథంలా సాగుతోంది. నెల్లిమర్ల దగ్గర మొదలుపెట్టి రాజాం దాకా ఇంజను మాత్రం నేనే. దారిలో పాప తల మీద చెయ్యి వేసి, మనసులో ప్రమాణం చేసుకున్నాను: ఇక మీదట ఏ బండి వణికినా, అందులో ఎవరు నిద్రపోతున్నారో కనుక్కోకుండా పానా ముట్టను గాక ముట్టను! ఆ ఆవేశంలో నా నోటి ఇంజను కొంచెం అదుపు తప్పినట్టుంది. పాప కళ్లు రెండూ టపటపలాడాయి.

మంగ నా డొక్కలో పొడిచింది. "బావా! మూడోది పలికీసింది!"