మగ్గాల మోతలో అమ్మ పాట

ఇవాళ అల్మారాలో వేలెడంత ఎంపీత్రీ ప్లేయర్ దొరికింది. మన దాజీ పేట్ వాడ దోస్తులూ, గుర్తుందా, దీన్ని మెడలో వేలాడేసుకుని ఎంత ఫోజు కొట్టేవాళ్లమో?

ఒకరోజు అమ్మ చాట ముందు కూర్చుని, బీడీలు చుడుతూ పాడుతుంటే, దీని రికార్డు బటన్ నొక్కి ఆమె నోటి దగ్గర పెట్టాను.

"గిదేం జేస్తదిరా?"

"నీ పాట దాస్తది. పాడు అమ్మా."

"నా పాట ఎవలింటరు," అని నవ్వి, మొత్తం పాడింది.

పక్క గదిలో నాన్న మరమగ్గాలు రెండూ నడుస్తూనే ఉన్నాయి. ఆపాలని ఎవరికీ తోచలేదు. పుట్టినప్పటి నుంచీ వింటున్న మోత మాకు మోతలా ఉండేది కాదు.

ఆ పాటను ప్లేయర్ నుంచి మెమరీ కార్డులోకి, కార్డు నుంచి ఫోన్‌లోకి, పాత ఫోన్ నుంచి కొత్త ఫోన్‌లోకి మార్చుకుంటూ వచ్చాను. అమ్మ ఎదురుగానే పాడుతుండేది కాబట్టి ఎప్పుడూ వినలేదు.

అమ్మ పోయింది. మగ్గాలు పాత ఇనుముకు వెళ్లిపోయాయి. ఇవాళ మొదటిసారి ఫోన్‌లో ఆ పాట పెట్టాను. ఆసాంతం మగ్గాల మోతే. ఎంత వెతికినా అందులో అమ్మ లేదు. చివర్లో కరెంటు పోయినట్టుంది, మగ్గాలు ఆగాయి. అప్పుడు వినిపించింది అమ్మ గొంతు.

"అయిపాయెరా. ఇగ బంద్ జెయ్."