జాబితాలో రెండో సగం

నేను మంచిదాన్ని కాదు. ఈ మాట ముందే చెప్పేస్తే, తర్వాత నన్ను చూసి ఎవరూ జాలిపడక్కర్లేదు.

ఖమ్మంలో ఒక కోచింగ్ సెంటర్లో మూడు నెలలు వెబ్‌పేజీలు కట్టడం నేర్చుకున్నాను. పేజీ మొత్తాన్ని ఒకేసారి రాయకుండా ముక్కలు ముక్కలుగా కట్టే ఫ్రేమ్‌వర్క్ అది. ఆ ముక్కను కాంపోనెంట్ అంటారు. ఇటుక అచ్చు ఒకటి చేసుకుంటే ఎన్ని ఇటుకలైనా తీయొచ్చు కదా, అంతే. ఒక మనిషి వివరాలు చూపించే కాంపోనెంట్ ఒకసారి రాస్తే, ఎంతమంది ఉన్నా అదే వాడుకోవచ్చు. ఈ మాత్రం నా బుర్రకెక్కడానికి పది రోజులు పట్టింది.

చెప్పే సార్ వాళ్ళది వేంసూరు దిక్కు, పామాయిల్ తోటలున్న ఇల్లు. తప్పు చేసినవాళ్ళు లేచి నిలబడి, తెర మీద ఎర్రగా వచ్చిన ఇంగ్లీషు వాక్యాన్ని అందరికీ వినపడేలా చదవాలి. అదీ ఆయన పద్ధతి. తెలుగు మీడియంలో చదివిన మా తండా పిల్లలకు నోరు తిరిగేది కాదు. ఆయన మళ్ళీ చదవమనేవాడు. మూడోసారికి క్లాసంతా నవ్వేది. మొదటి నెల నేను గదికొచ్చి ఏడ్చాను. రెండో నెలకల్లా వేరేవాళ్ళు నిలబడితే నవ్వడం నేర్చుకున్నాను. కాంపోనెంట్ల కంటే అదే నాకు జల్దీగా వచ్చింది.

గదిలో నాతో ఉన్నది మా పక్క తండా అక్క. ములకలపల్లి అడవి అంచున మా రెండు తండాలకూ మధ్య ఒక్క వాగే అడ్డం. ఆమెకు పెళ్ళయింది. ఈ బ్యాచ్‌లో ఉద్యోగం వస్తే సరే, లేదంటే తిరిగొచ్చి మిరపతోటలో దిగాలని అత్తగారింట్లో గడువు పెట్టారు. నాకు గడువూ లేదు, పాడూ లేదు. నాన్న సర్కారు బడిలో అటెండరు. ఇంకో ఏడాది చదువుతానన్నా కాదనడు. ల్యాప్‌టాప్ అక్కది. వంటా అక్కదే. ఆమె వండింది తిని, ఆమె ల్యాప్‌టాప్ మీదే నేర్చుకున్నాను. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం నన్ను చూసి నేర్చుకోవాలి.

చివరి వారం సార్ చెప్పాడు: ఎవరి పేజీ బాగుంటే వాళ్ళను హైదరాబాదులో తనకు తెలిసిన కంపెనీకి పంపిస్తాడట. ఒక్కరినే. మేమందరం పండ్ల పేర్లో, ఊళ్ళ పేర్లో పెట్టి ఏదో ఒకటి కట్టాం. అక్క మాత్రం తన తండాలో నెలనెలా బీపీ గోళీలు తీసుకునే ముసలివాళ్ళ జాబితా పెట్టింది. గోళీలు పంచే ఆశా కార్యకర్త రాసుకున్న నోటుబుక్కు ఫోటో తెప్పించుకుంది. ముప్పైఒక్క మంది. మొదటి సగం అక్క టైపు చేసింది. ఆమె అన్నం వార్చడానికి లేస్తే రెండో సగం నేను కొట్టాను.

అప్పుడు చూశాను. పైన ఉన్న పేరే కింద మళ్ళీ ఉంది.

మా తండాల్లో పోయిన అవ్వ పేరు పుట్టిన పిల్లకు పెట్టుకుంటారు. ఇంటిపేర్లు కూడా నాలుగైదే. అందుకే ఎవరూ ఎవరినీ పేరుతో పిలవరు. బోరింగు కాడి ఆమె, మూల ఇంటి ఆమె అంటే సరిపోతుంది. జాబితాలో ఒక్కో మనిషికి ఇంకెవరికీ లేని గుర్తు ఒకటి ఇవ్వాలని మొదటి నెలలోనే నేర్పారు. అక్క ఆ గుర్తుగా పేరే పెట్టింది. అంటే ఒకే పేరున్న ఇద్దరిలో ఒకరిని తీసేస్తే రెండోవాళ్ళూ పోతారు. పైనున్నది క్రితం నెల చనిపోయిన మూల ఇంటి అవ్వ. కిందున్నది అక్క కన్నతల్లి. తల్లిని పుట్టినప్పటి నుంచి యాడీ అనే పిలిచిన మనిషికి ఆ పేరు మనసులో మెదలనే లేదు.

పేరుకు బదులు నంబరు పెట్టు అక్కా అంటే అయిపోయేది. ఐదు నిమిషాల పని. నేను అన్నం తిన్నాను. పప్పు బాగుందన్నాను. నోట్లో చక్కెర, కడుపులో కత్తెర. అక్క పడుకున్నాక నా పేజీ తెరిచి, నా జాబితాలో నంబర్లు పెట్టుకున్నాను.

మర్నాడు సార్ అక్క పేజీ చూసి మొదటిసారి తల ఊపాడు. ఇది నిజంగా పనికొచ్చే పని అన్నాడు. ఇక ఆమెనే పంపుతాడనుకున్నాను. ఇందులో పోయినవాళ్ళు ఎవరని అడిగితే అక్క మూల ఇంటి అవ్వను చూపించింది. ఆయన తొలగించు బటన్ నొక్కాడు. ముప్పైఒకటి ఇరవైతొమ్మిది అయింది.

అక్క తెర మీద పైకీ కిందికీ వెతికింది. "మా యాడి లేదు సార్" అంది మెల్లగా.

"నువ్వు రాసిన కోడే మీ అమ్మను చంపేసిందమ్మా" అన్నాడు సార్.

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. అందరికంటే గట్టిగా నవ్వానేమో కూడా. ఆ తల్లి చేతి జొన్నరొట్టె నేను ఎన్నిసార్లు తిన్నానో! అక్క మాత్రం యాడి పేరు ఉండాల్సిన చోటు వైపే చూస్తూ నిలబడింది. తర్వాత నా వంతు వచ్చింది. నా పేజీలో మామిడిపండ్ల రకాలున్నాయి. ఏది తీసేస్తే అదే పోయింది. కంపెనీకి నన్నే పంపిస్తానన్నాడు.

రెండు రోజుల తర్వాత అక్కను ములకలపల్లి బస్సు ఎక్కించడానికి బస్టాండుకు వెళ్ళాను. ఎందుకు వెళ్ళానంటే, వెళ్ళకపోతే అనుమానం వస్తుందని. ఆమె ల్యాప్‌టాప్ బ్యాగు నా ఒళ్ళో పెట్టింది. మిరపతోటలో దీంతో తనకేం పని, కొత్త ఉద్యోగంలో నాకే పనికొస్తుందంది. నేను వద్దని కాసేపు నటించాను.

బస్సు కదిలే ముందు కిటికీలోంచి వంగింది.

"చెల్లే, కింది సగం నువ్వే కొట్టినవ్ గదా. మా యాడి పేరు నీ చేతుల మీదికెళ్ళే పోయింది. నీ దాంట్ల ఆ రాత్రే నంబర్లు పెట్టుకున్నవ్, నేను చూసిన."

ఆమె గొంతులో కోపం లేదు. కోపం ఉంటే ఎంత బాగుండేదో.

"నేను చూడలేదక్కా" అన్నాను.

ఆమె తన సంచిలో చెయ్యి పెట్టి, మర్చిపోయిన చార్జర్ తీసి, వైరు నీటుగా చుట్టి కిటికీలోంచి చాపింది. నేను తీసుకున్నాను.