కమిలిన చెయ్యి

ములుగు నుంచి వరంగల్ వచ్చే బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దావిడ ఎడమ చెయ్యి మోచేయి దాకా నీలంగా కమిలి ఉంది. నేను నర్సుగా చేరి అప్పటికి నెల కూడా కాలేదు. అయినా అవి సూది మచ్చలని గుర్తుపట్టాను.

"ఏమైందమ్మా? దవాఖానల ఉండి వస్తున్నరా?" అని అడిగాను.

ఆమె నవ్వింది. "నేను దవాఖానలనే నర్సును బిడ్డా. మా వార్డుకు కొత్తపిల్ల వచ్చింది. సూది పడితే చేతులు వణుకుతయి, నరం దొరుకతలేదు. పేషెంట్లు తిడ్తాండ్రు, అది ఏడుస్తాంది. ఫికర్ జెయ్యకు, ముందు నాకు గుచ్చి నేర్చుకో అని చెయ్యి ఇచ్చిన."

"నొప్పి లేదా?"

"ఎందుకుండది? దాని ముందర మొకం మాత్రం మార్చలే."

ముఖమైనా చూడని ఆ కొత్తపిల్ల మీద నాకు ఒళ్ళు మండింది. ముందు రోజే మా సీనియర్ సిస్టర్, పేషెంటు ఎదుటే నా చేతిలోంచి సూదుల ట్రే లాక్కుంది. నాకూ అదే వణుకని పక్కనున్న పెద్దావిడతో చెప్పలేదు. చెబితే జాలిపడేది. నాకేమో ఆ చెయ్యే కావాలనిపించింది.

హన్మకొండలో ఆమె దిగిపోయింది.

ఇన్నేళ్ళకు ఇప్పుడు నా వార్డుకూ కొత్తపిల్లలు వస్తారు. వణికే పిల్ల ముందు నా చెయ్యి చాపుతాను. ఆ పిల్లను చూసి కాసేపు కుళ్ళుకుంటాను. తర్వాతే నరం తేలేలా పిడికిలి బిగిస్తాను.