మనవడి పేరు మీద కొన్న రైలింజను

నాకు బొమ్మ రైలింజన్ల పిచ్చి. తిరునాళ్ళలో అమ్మే రేకు రైళ్ళు కాదు, ప్లాస్టిక్కువి అసలే కాదు. ఒకప్పుడు విదేశాల్లో లోహం పోతపోసి చేసిన డీజిల్ ఇంజన్ల నమూనాలు. అరచేతిలో పెడితే చెయ్యి కిందికి దిగాలి, అంత బరువుండాలి. పాతవీ పాడైనవీ వెతికి తెచ్చి బాగుచేస్తాను. ఈ నాలుగు ముక్కలు రాయడానికే నాకు చెమటలు పడుతున్నాయి. చిలకలూరిపేటలో మోటార్లు వైండింగ్ చేసే కొట్టున్నవాణ్ణి, జుట్టు నెరిసినవాణ్ణి. నా వయసువాడు పేకాడితే ఊరు ఊరుకుంటుంది. బొమ్మ రైలు ముందేసుకుని కూర్చుంటే మాత్రం, పాపం ఈయనకేమైందో అంటుంది.

మొదటిసారి దొరికిపోయింది ఒక రైతుకి. మిరప తోటలకి నీళ్ళు పెట్టే రోజులు. కాలిపోయిన బోరు మోటార్లు కొట్టు ముందు గుమ్మం దాకా ఉన్నాయి. నేనేమో కంటికి భూతద్దం పెట్టుకుని, బొటనవేలంత మోటారుకి వెంట్రుకలాంటి రాగితీగ చుడుతున్నాను. ఆయన వచ్చి నెత్తిన నిలబడ్డ సంగతే నాకు తెలీదు.

"ఏందయ్యా ఇది? నా మోటారు మూలన పడేసి పిల్లకాయల రైలు ముందరేసుకున్నావా? అవతల చేను ఎండిపోతంది!" అని అరిచాడు.

కొట్లో ఉన్నవాళ్ళంతా నా వైపు చూశారు. చెవులు కాలిపోయాయి నాకు. "మా మనవడిదండీ. ఒకటే ఏడుపు" అన్నాను.

అప్పటికి నాకు మనవడు లేడు. మా అమ్మాయికి పెళ్ళే కాలేదు. కాని ఆ మనిషి మొహం ఇట్టే మెత్తబడింది. "అట్టయితే కానీలే, పసోడు ఏడిస్తే ఎట్టా" అని బల్ల మీద కూర్చుని చుట్ట ముట్టించాడు. ఒక్క అబద్ధానికి ఇంత మర్యాదా అనుకున్నాను. ఆ తర్వాత ఎవరడిగినా అదే మాట. గుంటూరులో పాత ఇనప సామాను కొట్టువాడికి మనవడి కోసమే, పార్సిలు తెచ్చిన మనిషికి మనవడి కోసమే.

మా ఆవిడ దగ్గర ఆ పప్పులుడకవు గనక కాస్త మార్చి చెప్పాను. పుట్టబోయే మనవడి కోసం దాస్తున్నానన్నాను. "ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగమట. అట్టా ఉంది మీ వరస" అని పడీపడీ నవ్వింది. నవ్వింది గాని నమ్మింది. అంతకుముందు ఆ బొమ్మల్ని చూస్తే మొహం ముడుచుకునేది, ఆనాటి నుంచి అద్దాల బీరువా తనే తుడవడం మొదలెట్టింది. అమ్మాయి పెళ్ళి కుదిరాక వియ్యాలవారి ముందు కూడా, "మా ఆయనకి ఇంకా పుట్టని మనవడంటే ఇప్పట్నించే ప్రాణమండీ" అని చెప్పుకుంది. నేను తలొంచుకుని కాఫీ తాగాను.

ఉన్నవాటన్నిట్లోకీ నా ప్రాణం ఒకదాని మీద ఉంది. బాపట్లలో ఒక పాత ఇల్లు ఖాళీ చేస్తుంటే అటక మీద దొరికింది. ఆకుపచ్చ ఒళ్ళు, నడుం చుట్టూ పసుపు పట్టీ, ముందు మొద్దు ముక్కు. మోటారు చచ్చిపోయింది, చక్రాలు తుప్పుపట్టి బిగుసుకుపోయాయి. అయినా రంగు మాత్రం ఫ్యాక్టరీలో వేసింది వేసినట్టే ఉంది. ఈ పిచ్చి ఉన్నవాళ్ళకి ఆ రంగే దేవుడు. కొత్తగా రంగు వెయ్యడం ఎవడైనా చేస్తాడు. పాత రంగు పోకుండా దాని కింద తుప్పు తియ్యడంలో ఉంది పనితనం. ఒక వేసవంతా దాని మీదే గడిపాను. పట్టాల మీద పెట్టి కరెంటిస్తే, ఎప్పుడో ఆగిపోయిన ఆ ఇంజను గుర్రుమంటూ కదిలింది. సంతోషంతో ఏడ్చాను, అబద్ధం ఎందుకు.

ఇక్కడొకటి చెప్పాలి. ఆ కాలపు రంగుల్లో సీసం కలిపేవారు, పసుపులో మరీ ఎక్కువ. అది విషం. పొడి లోపలికి పోకుండా మాస్కు కట్టుకుని, తడిపి రుద్దేవాణ్ణి. పనయ్యాక చేతులు తోముకుని తోముకుని కడుక్కునేవాణ్ణి. మా ఆవిడ ఎందుకని అడిగితే, దుమ్ము పడదు నాకు అన్నాను. మనవడి బొమ్మ అని చెప్పినవాణ్ణి, అది విషమని ఏ నోటితో చెప్పేది?

నిజం మనవడు కిందటేడు పుట్టాడు. ఆమధ్య వాడి అన్నప్రాసన మా ఇంట్లోనే చేశాం. వియ్యంకుడుగారు ఒంగోల్లో హెడ్మాస్టరు చేసి రిటైరయ్యారు. నవ్వితే మార్కులు పోతాయన్నట్టుంటారు. ఆయన తరపు చుట్టాలూ మా చుట్టాలూ కలిసి హాలు నిండిపోయింది. పాయసం నాకించడం అయ్యాక పుస్తకం, కలం, పూలు, బంగారం, చిన్న కత్తి చాప మీద వరసగా పెట్టారు. పిల్లాడు పాక్కుంటూ వెళ్ళి దేన్ని పట్టుకుంటే వాడి బతుకు దాంతోనని కదా మనవాళ్ళ సరదా.

అప్పుడు మా ఆవిడ లోపల్నుంచి కొంగులో ఏదో దాచి తెచ్చింది. తీసి పుస్తకం పక్కన పెట్టింది. నా ఆకుపచ్చ ఇంజను!

"మీ తాతయ్య నువ్వు పుట్టకముందు నుంచి నీకోసం దాచిందిరా బంగారూ" అంది. కళ్ళనీళ్ళు తిరిగాయి ఆవిడకి. అందరూ నన్ను మెచ్చుకోలుగా చూశారు. హెడ్మాస్టరుగారు కూడా తలూపారు.

వద్దు, అది తియ్యి అనాలి. నోటిదాకా వచ్చింది. అంటే ఏమవుతుంది? అది వాడిది కాదు, నాది, నేను ఆడుకునేది అని ఇంతమంది ముందు ఒప్పుకోవాలి. ఒరేయ్ నాన్నా, పుస్తకం పట్టుకోరా, కత్తి పట్టుకున్నా సరే అని లోపల మొక్కుకుంటూ కూర్చున్నాను.

వాడు బంగారాన్ని పక్కకి నెట్టేసి నేరుగా దాని దగ్గరికే వెళ్ళాడు. హాలంతా ఒకటే కేకలు. "రైలు డ్రైవరవుతాడ్రోయ్!" అన్నారొకరు. "డ్రైవరేంది, రైల్వే మంత్రే!" అన్నారింకొకరు. ఆ సందడిలో వాడు రెండు చేతులా దాన్ని ఎత్తలేక, వంగి, పసుపు పట్టీని నోట్లో పెట్టుకున్నాడు.

ఎట్లా లేచానో తెలీదు. దూకి వాడి చేతుల్లోంచి లాక్కున్నాను. వాడు ముందుకు తూలి పీట అంచుకి నుదురు కొట్టుకున్నాడు. కేర్‌మని ఏడుపందుకున్నాడు.

"నాన్నా! ఏం చేస్తున్నావు నువ్వు?" అని మా అమ్మాయి కేక పెట్టింది.

"అయ్యో అయ్యో, ఇదేం పనండీ అన్నయ్యగారూ!" అంది వియ్యపురాలు.

"రంగు... పాత రంగు. సీసం ఉంటుంది. విషం" అన్నాను.

అంతే, గాలి తిరిగింది. అమ్మాయి బిడ్డ నోరు కడగడానికి పరుగెత్తింది. అల్లుడు కారు తీశాడు. డాక్టరు చూసి, రక్తం పరీక్ష చేయించి, భయమేం లేదన్నారు. నుదుటి మీద బొప్పి ఒక్కటే మిగిలింది. సాయంత్రం హెడ్మాస్టరుగారు నా రెండు చేతులూ పట్టుకుని, "బావగారూ, మీరు కనిపెట్టుకుని ఉండబట్టి సరిపోయింది" అన్నారు. తెలిస్తే ఎందుకు పెట్టనిచ్చారని ఒక్కరూ అడగలేదు. పెద్దాయన కంగారులో ఆలస్యంగా గుర్తొచ్చి ఉంటుందని వాళ్ళే సర్దిచెప్పుకున్నారు. నేనూ కాదనలేదు. పైగా మీసం మీద చెయ్యి కూడా వేశాను. ఛీ, ఇప్పుడు తలుచుకుంటే ఆ చెయ్యి నరుక్కోవాలనిపిస్తుంది.

వారం తిరక్కుండానే అన్నప్రాసన వీడియో వచ్చింది. టీవీలో పెట్టుకుని నేనూ మా ఆవిడా అమ్మాయీ చూస్తున్నాం. పిల్లాడు నా ఒళ్ళో ఉన్నాడు, నా చొక్కా బొత్తాం లాగుతూ. ఆ ఘట్టం రాగానే మా ఆవిడ, "చూడు, మీ నాన్న ఎట్టా దూకారో, ఈ వయసులో!" అంది మురిపెంగా.

దూకాను. లాక్కున్నాను. ఆ తర్వాత చేసింది నాకే గుర్తులేదు, కెమెరాకి గుర్తుంది. పిల్లాడు వెనకాల బోర్లాపడి గుక్కపట్టి ఏడుస్తుంటే, నేను వాడికి వీపు తిప్పి కిటికీ వైపు నడిచాను. ఇంజన్ని వెలుతురులోకి ఎత్తాను. ఉత్తరీయం అంచుతో పసుపు పట్టీ మీది ఎంగిలి తుడిచాను, మెత్తగా, రంగు రేగకుండా. బొటనవేలితో నిమిరి గీత పడిందేమో చూశాను. తిరగేసి చక్రాలు కూడా చూశాను. అదంతా అయ్యాకే అమ్మాయి కేక వినబడింది, నేను ఇటు తిరిగాను.

అమ్మాయి రిమోటు తీసుకుని వెనక్కి తిప్పి మళ్ళీ చూసింది. తర్వాత టీవీ కట్టేసింది.

"నాన్నా, అది విషమని నీకెప్పుడు గుర్తొచ్చింది?" అని అడిగింది. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

ఇంకో అబద్ధం నాలుక చివరే ఉంది. నా ఒళ్ళో ఆ బొప్పి కనిపిస్తోంది, ఇంకా నీలంగా. "నువ్వు కేక పెట్టాక" అన్నాను.

"మరి వాడి కోసమే కదండీ కొన్నది? ఇన్నేళ్ళూ వాడి కోసమనే కదా..." అంది మా ఆవిడ.

"కాదు. ఎప్పుడూ కాదు. నాకోసమే" అన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను. బొమ్మలతో ఆడుకుంటానన్న సిగ్గు కాదు. అదే సిగ్గయితే ఎంత బాగుండేది.

అమ్మాయి వంగి బిడ్డని తీసుకుంది. మర్నాడు కాఫీ ఇచ్చింది, మాత్ర వేసుకున్నావా అని అడిగింది, అన్నీ మామూలే. మొన్న మళ్ళీ వచ్చింది. మా ఆవిడ బజారుకెళ్ళింది. అమ్మాయి స్నానానికి వెళ్తూ బిడ్డని చంకనేసుకుని పక్కింటి గుమ్మం దాకా వెళ్ళి, "పిన్నిగారూ, ఒక్క పది నిమిషాలు చూస్తారా? ఇంట్లో ఎవరూ లేరు" అని ఇచ్చి వచ్చింది. నేను హాల్లోనే కూర్చుని ఉన్నాను.