కాళ్ళు అందని బండి

సింధియా జంక్షన్‌లో టీ కొట్టు ముందు ఆ ఆదివారం పొద్దున మేము వాదించుకున్న విషయం ఒక్కటే. దూర ప్రయాణాల కోసమని ఇప్పుడు కొత్తగా వస్తున్న పెద్ద మోటారు సైకిళ్ళు కుర్రవాళ్ళకు నచ్చుతాయా, నచ్చవా? నచ్చవని నా మరిది అన్నాడు. ఎందుకు నచ్చవని నేను అడిగాను. మరిది అంటే నా భర్తకు తమ్ముడు కాదు, స్నేహితుడు. పోర్టులో క్రేన్ నడిపి రిటైరయ్యాడు. నా పెళ్ళైన కొత్తలో వదినా అని పిలిచాడు. ఆ ఒక్క పిలుపుతో నాతో జీవితాంతం పోట్లాడే హక్కు వచ్చేసిందనుకుంటాడు.

మాదొక చిన్న ఆదివారపు గుంపు. స్టీల్ ప్లాంటులోనో పోర్టులోనో పనిచేసి రిటైరైనవాళ్ళు, అవబోతున్నవాళ్ళు. ఆనందపురం దాకా బళ్ళ మీద వెళ్ళి, ఇడ్లీ తిని, నడుం నొప్పుల గురించి మాట్లాడుకుని తిరిగి వస్తాం. ఏడాదికోసారి మాత్రం దూరం వెళ్తాం. అందులో ఆడమనిషిని నేనొక్కదాన్నే. దువ్వాడలో ఒక కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. నా బండి పాతది, నాలాగే చప్పుడెక్కువ.

గాజువాకలో నా చిన్నప్పుడు ఒక రీడింగ్ రూము ఉండేది. సాయంత్రాలు అక్కడ చర్చలు జరిగేవి. ముహూర్తాలు అవసరమా, వితంతువు బొట్టు పెట్టుకుంటే ఎవరికి నష్టం, ఇలాంటివి. మాకు చర్చ నేర్పిన పెద్దాయన ఒక షరతు పెట్టేవారు. ఎదుటివాడి వాదాన్ని వాడికంటే బాగా చెప్పగలిగితేనే దాన్ని ఖండించే అర్హత నీకుంటుంది. ఆ షరతు నేను ఇప్పటికీ పాటిస్తాను. అందుకని మరిది వాదాన్ని ముందు చెబుతాను.

ఈ కాలం పిల్లలకు బండి అంటే బీచ్ రోడ్డు మీద ఈ చివర నుంచి ఆ చివరకు రయ్యిన దూసుకుపోవడమే. ముందు చక్రం గాల్లోకి లేపి వీడియో తీసుకోవడమే. దూర ప్రయాణపు బండికి కావలసింది ఓపిక. రోజంతా ఒకే వేగంతో, ఒకే చోట కూర్చుని, ఊళ్ళు దాటుకుంటూ పోవాలి. ఆ ఓపిక వయసు మీద పడితేగాని రాదు. కాబట్టి కంపెనీలు ఎన్ని హంగులు పెట్టినా ఆ బళ్ళు కొనేది మనలాంటి నెరిసిన తలలే. ఇదీ ఆయన వాదం. చెడ్డ వాదమేమీ కాదు. పైగా ఆయన చేతిలో రుజువు కూడా ఉంది. అలాంటి బండే కొని ఇంకా నెల కాలేదు, ఆయన తల ముగ్గుబుట్టలా ఉంది.

ఆ బండి టీ కొట్టు ముందే నిలబడి ఉంది. నిజం చెప్పాలంటే దాన్ని చూసినప్పుడల్లా నాకు గుండె వేగం పెరుగుతుంది. ఎత్తుగా, వెడల్పుగా, ముందు గాలికి అడ్డం అద్దం, వెనక చక్రానికి అటూ ఇటూ రెండు అల్యూమినియం పెట్టెలు. నిలబడి ఉన్నప్పుడు కూడా ఎక్కడికో బయల్దేరినట్టే ఉంటుంది. కానీ హ్యాండిలుకు నల్లదారంతో నిమ్మకాయ, మిరపకాయలు వేలాడుతున్నాయి. అంత ఇంజనీరింగు చేసి, ఇంత ఇనుము పోత పోసి, ఎలక్ట్రానిక్ బ్రేకులు పెట్టి, చివరికి కాపలాకు మిరపకాయ!

"ఆ నిమ్మకాయ బ్రేకు వేస్తుందా మరిదీ?" అన్నాను.

"నీ నోటికి బ్రేకేత్తాదేమోనని కట్టాను వదినా" అన్నాడు. గుంపంతా గొల్లుమంది.

అప్పుడే వచ్చింది నా పూర్వ విద్యార్థిని, తన స్కూటర్ మీద. యారాడ పిల్ల, చేపలు పట్టే కుటుంబం. పరవాడలో ఒక మందుల కంపెనీ ల్యాబులో ఉద్యోగం చేస్తోంది. పొట్టి. ఆ మాట ఆమే ముందు చెబుతుంది, ఎవరూ చెప్పే అవకాశం ఇవ్వకుండా.

మా వాదం గాలిలోది కాదు, ఈ పిల్ల మీదే నడుస్తోంది. డిసెంబరులో అరకు మీదుగా కోరాపుట్, అక్కణ్ణుంచి ఆ పక్కనే ఉన్న జైపూర్ వెళ్ళాలని మా గుంపు అనుకుంది. నేనూ వస్తానని ఈమె అడిగింది. మా వాళ్ళు మర్యాదగానే ఒప్పుకున్నారు, ఎవరి వెనకైనా కూర్చుని వచ్చేటట్టయితే. "ఎనక కూసోడానికైతే బస్సుందిగా" అంది. మరిది బండిలాంటిదే కొనుక్కుని తన బండి మీద తనే వస్తానంది. షోరూముకు వెళ్ళి అడిగింది కూడా. అక్కడివాడు బండి చూపించకుండా ఆమె కాళ్ళ వంక చూశాడట, తర్వాత ఒక చిన్న బండి చూపించాడట. దాంతో మరిది అందరి ముందూ ఒక మాట అనేశాడు. నా బండి యారాడ ఘాట్ ఎక్కించి, కింద పడెయ్యకుండా ఊళ్ళోకి దించు, డిసెంబర్లో నీ బండి మీదే నువ్వు వద్దువుగాని. పడేస్తే ఆ ఊసు మళ్ళీ ఎత్తకు. ఈ పిల్ల ఆలోచించనైనా లేదు, సరేనంది. ఆ ఆదివారమే ఆ పరీక్ష.

ఆమె బండి ఎక్కింది. రెండు బూట్లూ గాలిలో వేలాడాయి.

"ఏటి వదినా, నీ స్టూడెంటు కాళ్ళు ఉయ్యాలూగతన్నాయి!" అన్నాడు మరిది.

నేను ఊరుకుంటానా? సుద్దముక్క ఎప్పుడూ నా సంచిలో ఉంటుంది. టీ కొట్టు బల్ల మీద బండి బొమ్మ గీసి, గరిమనాభి ఎక్కడుంటుందో, బరువు ఏ గీత దాటితే పడుతుందో చెప్పడం మొదలుపెట్టాను. మందపాటి అట్టలున్న బూట్లు వేసుకుంటే ఎంత లాభమో లెక్క కట్టబోయాను.

"మేడమ్, లెక్క తరవాత. ముందు ఆ తాళం ఇప్పించండి" అంది.

మరిది తాళం ఇచ్చాడు. వెంటనే జేబులోంచి రెండు నిమ్మకాయలు తీసి చక్రాల కింద పెట్టబోయాడు. ఏ ప్రయాణానికైనా అది ఆయన పద్ధతి.

"ఒద్దు మావయ్యా. తొక్కితే టైరు జారుద్ది. నా కాళ్ళే అందవంటే మళ్ళీ నిమ్మకాయొకటా?"

ఇంతకాలం ఆ నిమ్మకాయల మీద నేను చేసిన ఉపన్యాసాలన్నీ ఒక ఎత్తు, ఈ ఒక్క మాట ఒక ఎత్తు. మరిది గొణుక్కుంటూ వాటిని చొక్కా జేబులో వేసుకున్నాడు. ఆయన బండి ఆమె చేతికి వెళ్ళింది కాబట్టి ఆయనకు బండి లేదు. మిగతావాళ్ళ బళ్ళ వెనక సామాను ఉంది. ఖాళీ ఉన్నది నా వెనకే.

"ఎక్కు మరిదీ."

"ఆడోళ్ళ ఎనకా?"

"అయితే నడిచి రా."

ఎక్కాడు. మా గుంపు వేసిన ఈలలు మల్కాపురం దాకా వినబడి ఉంటాయి.

ఘాట్ రోడ్డు మొదలైంది. ముందు ఆమె, వెనక నేను, మా వెనక మిగతావాళ్ళు. చెట్ల సందుల్లోంచి కింద పోర్టు క్రేన్లు, ఓడలు, ఆ పక్క నీలంగా సముద్రం కనబడుతూ మాయమవుతూ ఉన్నాయి. నేనవేమీ చూడలేదు, ఆమె వీపే చూశాను. మొదటి మలుపు తీసుకున్న తీరుకే నాకు అరవాలనిపించింది. ఆ బరువంతా ఆమె మాట విని ఒరిగింది, మాట విని లేచింది. కదులుతున్నంతసేపూ కాళ్ళు అందకపోతే ఏం? ఆగినప్పుడు కదా సంగతి!

ఆ సంగతి కూడా వచ్చింది. కుడివైపు తిరిగే ఒక నిటారు మలుపులో పైనుంచి బస్సు దిగింది. మలుపు వెడల్పుగా తిప్పుకుంటూ మావైపుకే వచ్చేసింది. ఆమె ఆగక తప్పదు. ఎక్కుడు రోడ్డు, వంపు, నిలువెత్తు బండి, నేలకు అందని కాళ్ళు.

"పడిపోద్ది వదినా! నా బండి! పడిపోద్ది!" మరిది నా రెండు భుజాలూ పట్టుకుని పిసికేస్తున్నాడు.

పడలేదు. ఆగడానికి ఒక్క క్షణం ముందు ఆమె సీటు మీంచి నడుం ఎడమవైపుకు జార్చింది. సగం శరీరం బండి మీద, సగం గాలిలో. కుడి కాలు బ్రేకు మీద. ఎడమ కాలు రోడ్డు మీద నిటారుగా, గుంజలా. కుడి మలుపులో ఎడమ అంచు ఎత్తుగా ఉంటుంది. నేల తనకు దగ్గరగా ఉన్న వైపునే ఎంచుకుంది. బస్సు మెల్లగా దాటింది. డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి "ఓలమ్మ!" అని మాత్రం అన్నాడు. బండి జానెడు వెనక్కి జారింది. అంతలోనే ఇంజను గొంతు పెంచి, ఆమె మళ్ళీ సీటు మీదకు జరిగి, మలుపు దాటి వెళ్ళిపోయింది.

నేను నిజంగానే అరిచాను. ఈలలు వేసింది నా వెనకాల ఎవరో తెలియదు గాని, నా వీపు మీద గుద్దింది మాత్రం మరిదే.

యారాడలో వాళ్ళ ఇంటి ముందు బండి ఆపింది. మళ్ళీ అలాగే, ఒక్క కాలి మీద. ఇది ఎక్కడ నేర్చుకున్నావని అడిగాను.

"నేర్సుకోడమేటి మేడమ్? మా నాన్న తెప్ప దింపినప్పుడు రోజూ సూసిందే. కెరటం వచ్చేటప్పుడు రెండు కాళ్ళూ ఇసకలో పాతుకుని నిలబడితే తెప్ప ఎల్లిపోద్ది, మనిషి ఉండిపోతాడు. ఒక కాలు నేల మీద, ఒక కాలు తెప్ప మీద. ఎప్పుడు ఏ కాలు మీద బరువెయ్యాలో తెలిత్తే సాలు."

"నువ్వెప్పుడైనా తెప్ప మీద వెళ్ళావా?"

"మా ఇంట్లో ఆడపిల్లల్ని ఎక్కనివ్వరుగా. ఒడ్డు మీదున్న తెప్ప ఎక్కి ఆడుకున్నాను, అదీ మా నాయనమ్మ సూడకుండా."

ఆ నాయనమ్మ అప్పటికే బయటకు వచ్చి బండి చుట్టూ తిరుగుతోంది. అద్దం తట్టింది, సీటు నొక్కింది.

"ఓలమ్మ, ఇదేటే? బండా, పడవా?"

"బండే నాయనమ్మా."

"మరి ఈ పెట్లెందుకు? సేపలెన్ని పడతాయేటి?"

అందరం నవ్వాం. నవ్వు తగ్గాక, పొద్దున్నుంచీ నడుస్తున్న వాదం తేల్చాలని ఆమెనే సూటిగా అడిగాను. ఇన్ని బళ్ళుండగా ఈ బండే ఎందుకు? వేగమా, సీటా, గాలి తగలనివ్వని అద్దమా? అన్నీ నా జాబితాలో ఉన్నవే. ఆమె పెట్టె మీద చెయ్యి వేసింది.

"ఇయ్యే మేడమ్. నా స్కూటరు మీద ఎక్కడికెళ్ళినా దీపాలెట్టేలోగా ఇంటికొచ్చేయాలి. దాని మీద బట్టలు పట్టవుగా. పెట్టెలున్న బండిని సూత్తే, ఎల్తే రాత్రికి తిరిగి రానక్కర్లేదనిపిత్తాది."

పెద్దవాళ్ళ బండి, ఓపిక ఉన్నవాళ్ళ బండి అంటూ మేము వయసులు పంచుకుంటున్నాం. ఈ పిల్లకు అందులో కనబడింది ఇంటికి దూరంగా తెల్లారే ఒక పొద్దు. కుర్రవాళ్ళకు ఈ బళ్ళు నచ్చుతాయా అన్న ప్రశ్నే తప్పు. నచ్చి షోరూము దాకా వెళ్ళినవాళ్ళను కాళ్ళు కొలిచి వెనక్కి పంపుతున్నదెవరు? వెనక కూర్చుంటేనే రమ్మన్నదెవరు? యంత్రం అందరినీ పిలుస్తూనే ఉంది. సీటు ఎత్తూ మన మర్యాదలూ అడ్డం నిలబడ్డాయి. సీటులో స్పాంజి కోయించి ఎత్తు తగ్గించే మనిషి గాజువాకలో దొరుకుతాడు. రెండోదాన్ని మనమే కోసుకోవాలి.

ఇదంతా నేను పైకే అన్నాను, బల్ల గుద్దినట్టు. నాయనమ్మ నా ఉపన్యాసం పూర్తయ్యేదాకా ఆగకుండా వేపిన వంజరం చేప ముక్కలు తెచ్చి మా ముందు పెట్టింది.

"నిమ్మకాయ నేదే" అంది మనవరాలితో.

"ఉన్నాది" అంది మనవరాలు. మరిది చొక్కా జేబు వైపు చూసింది.

ఆయన జేబు మీద చెయ్యి వేసుకున్నాడు. ఏ ప్రయాణానికీ చక్రం కింద తప్ప ఇంకెక్కడా వాడని నిమ్మకాయలవి. తీశాడు. నాయనమ్మ వాటిని కోసింది. మొదటి చెక్క మరిదే తీసుకుని ముక్క మీద పిండుకుని, నా కళ్ళలోకి చూడకుండా నోట్లో వేసుకున్నాడు.

"ఎలా ఉంది మరిదీ?"

"సేప బాగున్నాది" అన్నాడు. ఆ పిల్ల వైపు తిరిగాడు. "డిసెంబర్లో ఘాట్ల కాడ నువ్వు ముందుండు. నువ్వెక్కడ కాలు కిందెడతావో సూసి నాను ఆపుకుంటాను."

ఆమె ముఖం వెలిగింది. వెంటనే తాళం తీసి ఆయనకు అందించింది. ఆయన పుచ్చుకోలేదు.

"ఉంచు. దిగేటప్పుడు కూడా నువ్వే తే. నాను వదిన ఎనక కూసుంటాను."

"మళ్ళీ ఆడోళ్ళ వెనకా?" అన్నాను.

"సీటు మెత్తగా ఉన్నాదిలే వదినా" అన్నాడు. నా పాత బండి వెనక సీటు చెక్కబల్లలా ఉంటుందని మా గుంపులో తెలియనివాళ్ళు లేరు.