జ్వరాల నడుమ మా వదిన

మొన్న శుక్రవారం పొద్దుగాల మా వదిన హైదరాబాద్ దవాఖానల పానం ఇడిసింది. నేను మందులకని కిందికి పోయిన. నర్సమ్మ ఫోన్ జేసి, "జల్ది పైకి రా అక్కా, వదిన పోయింది" అన్నది. నేను పిలుస్తుంటే ఇని ఇని ఆ వార్డుల అందరికి ఆమె వదినే అయింది.

ఆమె మా అన్న భార్య. అన్న గోదావరిఖనిల బొగ్గుబాయి పని చేసేటోడు. ఆయనకు హెచ్ఐవీ అని తేలినంక వదినకు పరీక్ష చేస్తే ఆమెకూ ఉన్నది. అన్న పోయినంక ఆమెకు కొలువిచ్చిండ్రు, ల్యాంప్ రూముల డ్యూటీ. బాయిల దిగేటోళ్లకు నెత్తికి పెట్టుకునే లైట్లు అందియ్యాలె. ఒక్కొక్కరికి లైటు ఇచ్చుకుంట "పైలం బావా", "పైలం తమ్మీ" అనేది, జాగ్రత్తగ పోయి రమ్మని. హెచ్ఐవీ గోలి ఏసుకునుడు ఎన్నడూ తప్పలే. అన్న మీద కోపం లేదా అని ఒకసారి అడిగిన.

"ఉండె. గాని పోయిన మనిషితోని ఎన్నొద్దులని కొట్లాడుత? అవుతల డ్యూటీ టైమైతుండె," అని నవ్వింది.

రెండేండ్ల కింద ఆమె మెడ మీద గడ్డ లేసింది. లింఫోమా అన్నరు, ఒక తీరు క్యాన్సర్. హైదరాబాద్ల కీమో మొదలైంది. మందు ఎక్కిచ్చి ఇంటికి పంపుతరు. నెత్తురుల బలం తగ్గి, వారం తిరగకముందే జ్వరం. మళ్ల దవాఖాన. ఇంట్ల గసొంటి రోగం ఉన్నోళ్లకు తెలుసు, డిశ్చార్జ్ అన్న మాట ఇంటే సంబురం కన్న భయమే ఎక్కువ. వదిన మాత్రం, "ఇంటికి పంపిండ్రంటే నయమైనట్టు కాదే, ఒకపారి ఇల్లు చూసుకొని రమ్మన్నట్టు" అనేది. వచ్చినప్పుడల్ల తోమిన గిన్నెలే మళ్ల తోముకునేది. నేను తోమితే ఆమెకు ఆనదు.

ఒకసారి జ్వరం దాచింది. చెయ్యి పట్టుకుంటే కాలుతున్నది.

"ఏంది వదినా గిట్ల?"

"ఎండకే పిల్లా. రేపు చూద్దాం."

"జ్వరమొస్తే ఆగొద్దన్నడు గదా డాక్టర్!"

ఆమె గోడ దిక్కు తిరిగింది. "ఇగ నాతోని కాదు. గీసారి పోతే మళ్ల రాను. నన్ను నా ఇంట్ల ఉండనియ్యి."

నేను పక్కన ఒరిగి, "నాకైతె నువ్వు ఇంకా కావాలె" అన్న. ఆమె లేసి, దవాఖానకు పోనీకి చీర మార్చుకున్నది.

ఆసారి పక్క మంచం మీద మందమర్రి నుంచి వచ్చిన పిల్ల ఉండె. అదే క్యాన్సర్. వదిన లెక్కనే ఇంటికి పోవుడు, జ్వరంతోని తిరిగొచ్చుడు. వదిన రోజూ మింగే గోలీల డబ్బాలాంటిదే ఆ పిల్ల సంచిల కనబడ్డది, సీలు సుత తియ్యలే. మంచం పక్కన అత్త కూసుంటది. ఆ రోగం సంగతి తెల్వని ఆమె ముంగట ఎట్ల ఏసుకుంటది?

ఇన్నేండ్లు కాలనీల తన రోగం మాట బయటపెట్టని వదిన, ఆ సాయంత్రం తన డబ్బా తీసి ఆ అత్త ముంగటనే తెరిచింది. "అవ్వా, నాకు హెచ్ఐవీ ఉన్నది. నా పెనిమిటితోని వచ్చింది. గీ గోలి ఏసుకోవట్టే ఇన్నేండ్లు డ్యూటీ చేసుకొని బతికిన. ఇది బంద్ పెట్టి క్యాన్సర్ మందు ఒక్కటే ఎక్కిచ్చుకుంటే పెయ్యి తట్టుకోదు. కావాల్నంటే డాక్టర్నే అడుగు."

వదిన ఆ పిల్ల ముచ్చటే ఎత్తలే. ముసలామె కోడలి దిక్కు చూసింది. ఆ పిల్ల తల దించుకొని ఏడుస్తున్నది. అత్త లేసి బయటికి పోయింది. ఇగ రాదేమో అనుకున్న. సీసాల నీళ్లు పట్టుకొని వచ్చి, కోడలి చేతిల పెట్టింది.

"ఏస్కో బిడ్డా," అన్నది.

ఆ పిల్ల ఇప్పుడు కోలుకొని తిరుగుతున్నది. పోయిన వదినను ఇంటికి తెచ్చిన్నాడు అత్తాకోడండ్లు ఇద్దరూ వచ్చి, ఆమె కాళ్ల దగ్గర కూసున్నరు.

వదినను మాత్రం జ్వరం ఇడువలే. ఆఖరుసారి ఇంటికొచ్చినప్పుడు, కీమో ఆపి కొన్నొద్దులైంది గనుక, నెత్తి మీద కొత్త వెంట్రుకలు మొలిచినయి. క్వార్టర్ ముంగట ఎండల కూసొని, "నూనె పెట్టు పిల్లా" అన్నది. దువ్వెన తెస్తే, "ఏం దువ్వుతవే, చేత్తోనే రాయి" అని నవ్వింది. రాస్తుంటే ఓపెన్‌కాస్టు బొగ్గుగనిల పేలుడు పెట్టిండ్రు. కిటికీలు అదిరినయి, దుమ్ము లేసింది. నేను గబుక్కున రెండు చేతులు ఆమె నెత్తి మీద కప్పిన. ఆమె కండ్లు మూసుకొని, "అట్లనే ఉంచు" అన్నది. నా అరచేతుల కింద ఆ మెత్తటి వెంట్రుకలు, నూనెకు తడిసి, పసిపిల్ల నెత్తి లెక్క వెచ్చగ ఉన్నయి.